కదపొద్దు సారు

మా మామయ్యకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఏ వస్తువునీ అది ఉన్న చోటు నుంచి కదపనిచ్చేవారు కాదు. వస్తువే అననక్కర్లేదు, మనిషయినా అంతే.

ఒకసారి మా ఇంటి ఓనరు మెట్ల మీద కాలు జారి పడ్డాడు. చప్పుడు విని అందరం పరుగెత్తాం. అందరికంటే ముందు మామయ్యే చేరుకున్నారు. చేరుకుని, పడ్డ మనిషిని లేపకుండా రెండు చేతులూ చాపి మమ్మల్ని ఆపేశారు.

"కదపొద్దు! ముందు చూడనివ్వండి!"

ఓనరు కింది మెట్టు మీద ఉన్నాడు. ఒక చెప్పు పై మెట్టు మీద, రెండోది పూలకుండీలో ఉన్నాయి. మామయ్య వంగి మెట్టుని చూశారు, చెప్పుని చూశారు, కుండీ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చారు.

"మెట్టు మీదది ఊడిన చోటే ఉంది. కుండీలోది ఎగిరొచ్చి పడింది, దాని మాట నమ్మడానికి వీల్లేదు. మొత్తానికి మీరు ఎడంకాలు జారి పడ్డారు," అని తేల్చారు.

"ఆ ఎడంకాలు నాదేనయ్యా మహానుభావా, నాకు తెలీదూ? ముందు లేపు!" అని ఓనరు లబోదిబోమన్నాడు.

ఆ రోజు నుంచి ఆయన మా గుమ్మం ముందుగా వెళ్ళాల్సి వస్తే గోడ పట్టుకుని వెళ్ళేవాడు. నడుం విరిగినా ఫర్వాలేదు గానీ మళ్ళీ మామయ్య కంటపడకూడదని ఆయన భయం.

ఇంతకీ మామయ్య పిచ్చివారేం కాదు. సముద్రాన్ని కొలిచే ఉద్యోగం ఆయనది. ఇప్పటి సముద్రాన్నయితే ఎవరైనా కొలుస్తారు. ఆయన కొలిచేది వేల ఏళ్ళ కిందటి సముద్రాన్ని. అది అప్పట్లో ఎంత ఎత్తుకి వచ్చిందో, ఎప్పుడు వెనక్కి తగ్గిందో లెక్క తేల్చాలి. వెనక్కి వెళ్ళే సముద్రం ఎక్కడా సంతకం పెట్టి వెళ్ళదు కదా. అందుకని సాక్షుల్ని వెతుక్కోవాలి. ఆ సాక్షులు ఆల్చిప్పలు.

కొన్ని చిప్పల్లో ఉండే జీవులు నీటి అంచున తప్ప ఇంకెక్కడా బతకవు. అలాంటి చిప్ప ఒకటి ఇవాళ ఏ గుట్ట మీదో, అది బతికిన చోటే దొరికిందంటే, ఒకప్పుడు సముద్రం అక్కడిదాకా వచ్చినట్టు. చిప్పని పరీక్షకి పంపితే వయసు చెప్తారు. అది దొరికిన చోటుని కొలిస్తే ఎత్తు తెలుస్తుంది. రెండూ ఉంటేనే సాక్ష్యం, ఒకటి తగ్గినా పెంకుముక్క.

తిరకాసంతా అక్కడే ఉంది. చిప్ప అక్కడే బతికిందని నమ్మకమేమిటి? తుఫాను విసిరేసి ఉండొచ్చు, కాకి ఎత్తుకొచ్చి ఉండొచ్చు, ఎవడో తిని పారేసి ఉండొచ్చు.

"చిప్ప అబద్ధం ఆడదమ్మాయ్," అనేవారు నాతో. "దాన్ని కదిపినవాడే దానిచేత అబద్ధం ఆడిస్తాడు."

నేను ఆయన మేనకోడలిని. చదువు కోసం వాళ్ళింటికి వచ్చి, చదువయ్యాక ఆయన ఆఫీసులోనే మ్యాపులు గీసే ఉద్యోగంలో చేరి, అక్కడే ఉండిపోయాను. కాబట్టి ఆయన చాదస్తాన్ని ఇంట్లోనూ ఆఫీసులోనూ రెండు పూటలా భరించిన ఏకైక ప్రాణిని నేనే.

ఇంట్లోనైతే మరీ అన్యాయం. నేను వచ్చిన మొదటిరోజు బూట్లు విప్పుకోవడానికి స్టూలు కాస్త ఇటు లాక్కున్నాను. మామయ్య పేపరు పక్కన పడేసి, వచ్చి, స్టూలు కింద నేల చూపించారు. నాలుగు కాళ్ళ చుట్టూ సుద్దముక్కతో గీసిన నాలుగు గుండ్రాలు ఉన్నాయి.

"చూశావా? ఇది దీని చోటు."

"స్టూలే కదా మామయ్యా."

"ఇవాళ స్టూలంటావు, రేపు బల్లంటావు. ఇంక ఇంట్లో దేన్ని నమ్మాలి?"

కుర్చీలకి గీతలు, బల్లకి గీతలు, గొడుగు నిలబెట్టే మూలకి గీత. అలమరలో పంచదార సీసా ఎడమ చివర, ఉప్పు సీసా కుడి చివర, వాటి మధ్య టీపొడి. కత్తెర మేకుకి వేలాడాల్సిందే. చుట్టాలొచ్చి ఫ్యాను కిందికి కుర్చీ లాక్కుంటే, వాళ్ళున్నంతసేపూ మామయ్య ముళ్ళమీద కూర్చున్నట్టు ఉండేవారు. వాళ్ళు ఇంకా వీధి మలుపు తిరక్కముందే కుర్చీని గీతల్లోకి తోసేసేవారు. సుద్ద చెరిగితే మళ్ళీ గీసేవారు. ఇల్లు తుడిచే ఆవిడ "ఈ ఇంట్లో నేలకి కూడా బొట్టూ కాటుకా పెడతారమ్మా" అని నవ్వేది.

మా అమ్మ ఆయనకి చెల్లెలు. వచ్చినప్పుడల్లా తల కొట్టుకునేది. "అన్నయ్యా, ఆ బల్ల కిటికీ దగ్గర వేస్తే ఎంత వెలుతురొస్తుంది!"

"దాని చోటు అక్కడ కాదు."

"నువ్వెలా వేగుతున్నావు వదినా ఈయనతో?"

అత్తయ్య అల్లుతున్న ఊలు పక్కన పెట్టకుండానే నవ్వేది. "ఏం చెయ్యను? గవ్వల్ని కట్టుకున్నాక ఇసకని తిట్టుకుంటే ఎలా?"

అత్తయ్య చేతిలో పనితనం ఉన్న మనిషి. నేను వచ్చిన కొత్తలో మిషన్ మీద చొక్కాలు, గౌన్లు కుట్టేది. వీధిలో పిల్లలందరి మీదా ఆవిడ కుట్టిన బట్టలే ఉండేవి. తర్వాత "మిషన్ తొక్కే ఓపిక లేదే" అని మానేసి ఊలు అల్లడంలో పడింది. కళ్ళజోడు ఎప్పుడూ ఇంకో గదిలో మర్చిపోయేది. "ఇది నీ నీలం జాకెట్టేనా?" అని ఆకుపచ్చదాన్ని అడిగేది. పాపం వయసొచ్చింది, మతిమరుపు అనుకునేవాళ్ళం.

పొద్దున్నే మామయ్య పేపరంతా పైకి చదివేవారు. వార్తలతో వదిలేవారా? పెళ్ళి ప్రకటనలు, తప్పిపోయిన కుక్కలు, వాతావరణం, చివర్లో అచ్చువేసినవాళ్ళ చిరునామాతో సహా. "మనసులో చదువుకోవచ్చుగా మామయ్యా" అంటే "మనసులో చదివితే నిద్రొస్తుంది" అనేవారు. వీధిలోకి వెళ్తే అత్తయ్య మోచెయ్యి పట్టుకోకుండా నడిచేవారు కాదు. ఆ వయసులో ఆ ముచ్చట చూసి వీధి వీధంతా ముసిముసి నవ్వులు నవ్వేది. నేనైతే "కొత్త జంట బయల్దేరింది" అని పైకే అనేదాన్ని. ఆయన వెనక్కి తిరిగి చూసేవారు కూడా కాదు.

ఆఫీసులో ఆయన పేరు కదపొద్దు సారు. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి ఒక్కడికే గుర్తుండేది.

ఒక పెద్దసారు బదిలీ మీద కొత్తగా వచ్చి గదులన్నీ చూస్తూ మామయ్య గదికి వచ్చారు. ఫ్యాను గాలికి బల్ల మీద కాగితాలు ఎగురుతుంటే, అరలోంచి ఒక చిప్ప తీసి వాటి మీద బరువు పెట్టారు. మామయ్య మొహంలో నెత్తుటిచుక్క లేదు.

"సార్, అది ఆరువేల ఏళ్ళు కదలకుండా ఉందండి."

"మరి ఇక్కడికెలా వచ్చింది?"

"నేనే తెచ్చానండి."

"అంటే మీరు కదిపారు!"

"కదిపే ముందు కొలిచానండి. మీరు కొలిచారా?"

పెద్దసారు చిప్పని ఎక్కడ తీశారో అక్కడే, మామయ్య చెప్పినట్టు, మూతి కిటికీ వైపు ఉండేలా పెట్టి వెళ్ళిపోయారు. మళ్ళీ ఆ గది గుమ్మం తొక్కలేదు. ఏదైనా అడగాలంటే బయట నిలబడి అడిగేవారు.

మామయ్యకి జీవితంలో ఒక పట్టుదల ఉండేది. మా ఊళ్ళో సముద్రం ఒకప్పుడు ఇప్పటి బస్టాండు దాకా వచ్చిందని ఆయన వాదన. ఊరికే వాదించి ఊరుకుంటే మామయ్య ఎందుకవుతారు? బస్సెక్కి కండక్టరుతో అనేవారు, "బాబూ, మనమిప్పుడు పీకల్లోతు నీళ్ళలో ఉన్నాం."

కండక్టరు కంగారుగా కాళ్ళకేసి చూసుకునేవాడు. "ఎక్కడ సార్ నీళ్ళు?"

"ఇప్పుడు కాదు. అప్పుడు."

"అప్పుడు టికెట్ తీసుకుని ఉంటే చూపించండి. లేకపోతే ఇప్పుడు తీసుకోండి."

పక్కగది సారు ఈ వాదనని ఒప్పుకునేవాడు కాదు. ఆయన చెరువుల అడుగు మట్టి తవ్వి పరీక్ష చేసే మనిషి, అందుకని బురద సారు అనేవాళ్ళం. "నా బురదలో ఉప్పు లేదు సార్. మీ సముద్రం చేపల మార్కెట్టు దాటి రాలేదు" అనేవాడు. ఇద్దరూ రోజూ టీ దగ్గర కొట్టుకునేవారు, రోజూ కలిసే టీకి వెళ్ళేవారు.

చివరికి పెద్దసారు, బయటే నిలబడి, తీర్పు చెప్పారు. "చోటుతో సహా ఒక్క చిప్ప చూపించండి. మ్యాపులో పాత సముద్రం గీత మీరు చెప్పిన చోటికి జరిపిస్తాను. మీ పేరు మీదే అచ్చవుతుంది."

అంతే. మామయ్యకి తిండీ నిద్రా లేవు. ఊరి చివర సముద్రం ఒడ్డున ఒక పెద్ద సున్నపురాయి గుట్ట ఉంది. దాని నిండా కన్నాలే. రాయి తొలిచే చిప్ప అని ఒక ప్రాణి ఉంటుంది, ఆ కన్నాలు దాని పని. బుల్లిగా ఉన్నప్పుడే రాయికి కన్నం పెట్టి లోపలికి దూరుతుంది. పెరిగినకొద్దీ లోపల ఇల్లు వెడల్పు చేసుకుంటుంది. ద్వారం మాత్రం పుట్టినప్పటి సైజే. ఇంక బయటికి రావాలన్నా రాలేదు. మామయ్యకి అదంటే మహా ఇష్టం. "ఇల్లు కట్టుకున్నాక గడప దాటని ప్రాణి అమ్మాయ్. దాని మాట కళ్ళు మూసుకుని నమ్మొచ్చు" అనేవారు. కానీ గుట్టలో కన్నాలన్నీ ఖాళీ. ఒక్కొక్కటి ఒక్కో కాలంలో, ఒక్కో ఎత్తులో తొలిచినవి. ఏది ఎప్పటిదో చెప్పడానికి లోపల ఒక్క చిప్పయినా మిగలాలి.

ఒక సెలవురోజు ముగ్గురం గుట్టకి వెళ్ళాం. సముద్రపు గాలి మంచిదని అత్తయ్యని కూడా తీసుకొచ్చారు. గుట్ట పక్కన నీడలో ఒక చదునైన రాయి మీద ఆవిణ్ణి కూర్చోపెట్టి, ఫ్లాస్కు ఒళ్ళో పెట్టి, "ఇక్కణ్ణించి కదలొద్దు" అన్నారు. నేను కొలకర్ర పట్టుకుని నీళ్ళ అంచున నిలబడ్డాను. మామయ్య గుట్ట ముందు ఎత్తులు చూసే లెవెల్ పరికరం నిలబెట్టి, ఒంటికన్ను మూసుకుని, "కుడికి... ఇంకా కుడికి... అమ్మాయ్, కర్ర ఊగుతోంది, నువ్వు ఊగకు" అని అరుస్తున్నారు.

కాసేపటికి అరుపులు ఆగిపోయాయి. వెనక్కి చూస్తే అత్తయ్య ఆయన పక్కన నిలబడి ఉంది. మామయ్య అరచేతిలోకి చూసుకుంటున్నారు. నేను నీళ్ళలోంచి తడబడుతూ వచ్చేసరికి అత్తయ్య తన రాయి దగ్గరికి వెళ్ళిపోయింది. మామయ్య అరచేతిలో వేలెడంత చిప్ప ఉంది. రెండు రెక్కలూ మూసుకుని, మధ్యలో మట్టి గట్టిపడి, చెక్కుచెదరకుండా ఉంది.

"దొరికిందా మామయ్యా! ఏ కన్నంలో?"

ఆయన చిప్పని జేబురుమాల్లో చుట్టుకున్నారు. "చూడకుండా లాగేశాను," అన్నారు చివరికి. "చోటు గుర్తుపెట్టుకోలేదు."

నేను నవ్వాను. వేళాకోళం అనుకున్నాను. ఆయన నవ్వలేదు.

"ఈ సంగతి ఇంట్లో అనకు. మీ అత్తయ్యకి తెలిస్తే నవ్వుతుంది," అన్నారు.

పరీక్షలో చిప్ప వయసు సరిగ్గా ఆయన అనుకున్న కాలానికే వచ్చింది. ఏం లాభం? తాళంచెవి చేతిలో ఉంది, తాళమెక్కడో తెలీదు. ఆఫీసులో పండగే పండగ. జీవితమంతా కదపొద్దు కదపొద్దు అన్న మనిషి, కదపకూడని ఒక్కదాన్నీ కదిపారు! అటెండరు దగ్గర్నుంచి పెద్దసారు దాకా అందరూ నవ్వారు. బురద సారు ఒక్కడే నవ్వలేదు. ఆయన వచ్చి, "సార్, మీరు కదిపారంటే నేను నమ్మను" అన్నాడు. "నమ్మండి, నేనే" అన్నారు మామయ్య, గోడవైపు చూస్తూ. మ్యాపులో సముద్రం చేపల మార్కెట్టు దగ్గరే ఆగిపోయింది. ఆ గీత గీసింది నేనే.

ఆ తర్వాత ప్రతి ఆదివారం మామయ్య "వాకింగు" అని బయల్దేరేవారు. ఎక్కడికో నాకు తెలుసు. చిప్పని దూదిలో చుట్టి జేబులో పెట్టుకుని గుట్టకి వెళ్ళి, కన్నం కన్నానికీ పెట్టి చూసేవారు. పెళ్ళి కావాల్సిన పిల్లని వెంటపెట్టుకుని సంబంధాలు చూసినట్టు ఉండేది ఆ వ్యవహారం. ఒకటి మరీ ఇరుకు, ఒకటి మరీ లోతు, ఒకటి అన్నీ కుదిరి మూతి దగ్గర చెడేది. చదునురాయి చుట్టుపక్కలంతా చూశారు, గుట్ట ముందు వైపంతా చూశారు. అక్కడ వలలు బాగుచేసుకునేవాళ్ళు "ఇవాళైనా కుదిరిందా సార్?" అని అడిగేవాళ్ళు. "జాతకాలు కలవలేదయ్యా" అనేవారు. ఇంటికొచ్చి అత్తయ్యతో "గాలి బాగుంది" అనేవారు.

ఈలోపు అలలు కోసేస్తున్నాయని గుట్ట ముందు వైపంతా కాంక్రీటు గోడ కట్టేశారు. వెయ్యి కన్నాలు ఒక్క వేసవిలో మూసుకుపోయాయి. మామయ్య ఇంక వాకింగుకి వెళ్ళలేదు. చిప్పని చిన్న గాజుపెట్టెలో పెట్టి, పైన ఒక చీటీ అంటించి, బల్ల మీద ఉంచారు. ఆ బల్ల మీద దానికీ సుద్దగీత గీశారు.

పోయినేడు, వానలు మొదలవకముందే, మామయ్య నిద్రలోనే పోయారు. ఆయన్ని మంచం మీంచి ఎత్తడానికి వచ్చిన నలుగురూ చేతులు వేసి ఒక్క క్షణం ఆగిపోయారు. ఎవరూ ఏమీ అనలేదు గానీ, ఎవరి చెవుల్లో ఏ మాట వినబడిందో అందరికీ తెలుసు.

అమ్మ వచ్చి కొన్నాళ్ళు ఉంది. వదిన మనసుకి కాస్త మార్పు కావాలని, ఒకరోజు అత్తయ్య స్నానానికి వెళ్ళినప్పుడు, నడుం బిగించి ఇల్లంతా సర్దేసింది. బల్ల కిటికీ కిందికి వెళ్ళింది, స్టూలు గుమ్మం పక్కకి వచ్చింది, సీసాలు అందంగా పొడవు వారీగా నిలబడ్డాయి. సుద్దగీతలన్నీ తడిగుడ్డతో తుడిచేసింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇల్లు నిజంగానే వెలుతురుగా ఉంది.

అప్పుడు అత్తయ్య గదిలోంచి వచ్చింది. ఎప్పటిలాగే చకచకా నడిచి, స్టూలుకి మోకాలు కొట్టుకుంది. ఇటు జరిగితే కుర్చీ తగిలింది. బల్ల ఉండాల్సిన చోట చెయ్యి వేస్తే గాలి తగిలింది. ఆవిడ తన ఇంటి మధ్యలో, రెండు చేతులూ గాల్లో చాపి, కదలకుండా నిలబడిపోయింది.

"ఎవరు కదిపారు?" అంది చిన్నగా.

అమ్మకీ నాకూ ఒకేసారి అర్థమైంది. మిషన్ ఎందుకు ఆగిందో, పేపరు ఎందుకు పైకి చదివారో, మోచెయ్యి ఎందుకు పట్టుకున్నారో, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి గుండెల మీద కూర్చున్నాయి.

"చూపు ఎన్నాళ్ళ నుంచి లేదు వదినా?" అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"అంచుల నుంచి మూసుకుంటూ వచ్చింది. ఇప్పుడు వెలుగూ నీడా తెలుస్తాయి. డాక్టరు చేతులెత్తేశాడు. మీ అన్నయ్యకి తెలుసు. ఇద్దరం అనుకున్నాం, ఎవరికీ చెప్పొద్దని."

"మాకైనా చెప్పొచ్చుగా!"

"చెప్తే ఏం చేస్తారు? మా ఇంటికి రా అని నువ్వంటావు, మా ఇంటికే రా అని ఇంకొకరంటారు. నన్ను కదపడం మొదలుపెడతారు." అత్తయ్య నవ్వింది. "వస్తువులు కదపొద్దని ఊరికే అంటే ఎందుకని అడుగుతారుగా. ఆయనకి ఎలాగూ ఆ పిచ్చి ఉంది. దాన్నే ఇంట్లో కూడా పరిచేశారు. నలుగురూ నవ్వితే నవ్వుతారు, నాకు అలవాటే అన్నారు."

అమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే బల్లని లాగడం మొదలుపెట్టింది. ఇద్దరం కలిసి అన్నీ పాత చోట్లకి చేర్చాం. గీతలు లేకపోయినా నాకు ప్రతి గుండ్రమూ గుర్తుంది. పంచదార ఎడమ చివర, ఉప్పు కుడి చివర. ఆఖరికి గాజుపెట్టె మిగిలింది.

"ఇదేంటి నీ చేతిలో?" అంది అత్తయ్య, చప్పుడు విని.

"గుట్ట మీద దొరికిన చిప్ప అత్తయ్యా."

"దాని మీద చీటీ ఏదో వేలికి తగిలేది. చదువు."

ఇకమీదట పేపరు చదివే ఉద్యోగం నాదేనని అప్పుడు తెలిసింది. చదివాను. "రాయి తొలిచే చిప్ప. రెండు రెక్కలూ ఉన్నాయి. చోటు తెలియదు."

అత్తయ్య మొహం మారిపోయింది. "చోటు తెలియకపోవడమేంటి? చూశాను, ఫర్వాలేదు అన్నారే!"

"ఎవరు?"

"ఆయనే. ఆ చిప్ప తీసింది నేను కదే! రాయి తడుముకుంటుంటే వేలికి తగిలింది. అక్కడ పెచ్చు ఊడిపోయి ఉంది, కాస్త లాగితే వచ్చేసింది. సంతోషపడతారని, ఆయన అరుపులు వినబడే వైపు నడిచి, తెచ్చి చేతిలో పెట్టాను. తర్వాత భయమేసింది, కదపకూడదేమోనని. అడిగితే, నువ్వెక్కడ తీశావో నేను చూశాలే అన్నారు."

ఆఫీసంతా నవ్విన సంగతి, ఆదివారాల వాకింగు సంగతి, గోడ సంగతి, మ్యాపు సంగతి మొత్తం చెప్పాను. అత్తయ్య వింటూ వింటూ ఊలుబంతిని నలిపేసింది.

"నేను కూర్చున్న రాయి దగ్గర వెతికారా?"

"అక్కడే ఎక్కువ వెతికారు."

"అక్కడ కాదే పిచ్చిదానా! అక్కడ ఎండొచ్చింది. పిలిస్తే పని ఆపి వస్తారని, గుట్ట పట్టుకుని మెల్లగా వెనక వైపుకి వెళ్ళాను. ఒంటరిగా వెళ్ళానని తెలిస్తే మళ్ళీ తీసుకురారని చెప్పలేదు." "కదలొద్దన్నారు కాబట్టి నేను కదల్లేదనుకున్నారు. ఒక్క మాట అడిగితే చెప్పేదాన్ని. అడిగితే నేను బాధపడతానని అడగలేదు మహానుభావుడు."

ఆయన ఎన్ని ఆదివారాలు ఆ ఎండలో చిప్ప పట్టుకుని తిరిగారో లెక్కలేదు. ఒక్క మాట. భోజనాల దగ్గరో, పేపరు మడిచేటప్పుడో, ఒక్క మాట ఆయన అడిగి ఉంటే, మ్యాపులో గీత మారేది. ఆయన చూసి ఉండేవారు.

"గోడ ముందు వైపేగా కట్టారు?" అంది అత్తయ్య ఉన్నట్టుండి.

మర్నాడే వెళ్ళాం. కొలకర్ర పట్టుకోవడానికి ఒక మనిషి కావాలంటే బురద సారు వచ్చాడు. నేను చెప్పిందంతా విని, "నేను అప్పుడే అన్నాను" అని మాత్రం అన్నాడు.

అత్తయ్యని చదునురాయి దగ్గర నిలబెట్టాను. ఆవిడ కాసేపు అలల చప్పుడు విని, గుట్ట మీద ఎడమచెయ్యి వేసి నడవడం మొదలుపెట్టింది. వేళ్ళు రాతి మీద పాకుతున్నాయి. "ఇక్కడ నునుపు... ఇక్కడ గంటు... ఇదిగో, ఇక్కడ కూర్చున్నాను, గాలి ఆగిపోయింది చూడు." కూర్చుంది. చెయ్యి భుజం మీదుగా వెనక్కి పోనిచ్చింది. కాస్త వెతికింది. ఆగింది.

"ఇది. మూతి సన్నం, లోపల కుండలాగా ఉంటుంది. ఒక పక్క పెచ్చు లేదు."

గాజుపెట్టె తెరిచి చిప్పని ఆవిడ వేళ్ళకి అందించాను. పెచ్చు ఊడిన వైపు నుంచి లోపలికి జార్చింది. అటూ ఇటూ తిప్పే పనే పడలేదు. టక్కుమని చిన్న చప్పుడు చేసి, ఎప్పుడూ బయటికి రానట్టే కూర్చుంది.

బురద సారు లెవెల్లో చూసి, నేను లెక్కకట్టి, ఇద్దరం మళ్ళీ చూసుకున్నాం. బస్టాండు మునిగింది. బస్టాండు దాటి, బస్సులు కడిగే షెడ్డు కూడా మునిగింది. మామయ్య అన్నదానికంటే ఎక్కువే వచ్చింది సముద్రం.

"నా చెరువులు గుట్టకి అవతల ఉన్నాయి, అందుకే ఉప్పు అందలేదు," అన్నాడు బురద సారు కళ్ళు తుడుచుకుంటూ. "ఓడిపోయాను సార్," అని గుట్టతోనే చెప్పాడు. తర్వాత అత్తయ్య వైపు తిరిగి అడిగాడు, "మ్యాపు ఆయన పేరు మీదే వేయిస్తాను అమ్మా. చిప్పని ముందొకసారి బయటికి తీశారని రాయాలి కదా. ఎవరు తీశారని రాయమంటారు? ఆఫీసులో అందరూ ఆయనే అనుకుంటున్నారు."

"నా పేరు రాయండి," అంది అత్తయ్య వెంటనే. "ఆయన జన్మలో దేన్నీ కదపలేదు. ఆ చెడ్డపేరు ఆయనకి వద్దు."

సరేనని బురద సారు ఫోటో తీయడానికి ఒక అడుగు ముందుకేసి, చిప్ప వైపు చెయ్యి చాపాడు. బట్ట రాపిడో, చెప్పు చప్పుడో, అత్తయ్యకి ఏం వినబడిందో తెలీదు.

"కదపొద్దు!" అని గుట్ట దద్దరిల్లేలా అరిచింది. "ముందు చూడనివ్వండి!"

బురద సారు ఒక కాలు గాల్లో ఉండగానే బిగుసుకుపోయాడు. అత్తయ్య తాపీగా రెండు చేతులూ ఎత్తి, చిప్ప చుట్టూ, కన్నం అంచు చుట్టూ, వేళ్ళతో చూడటం మొదలుపెట్టింది. ఆవిడకి తొందరేం లేదు. కింద అల వచ్చి వెళ్ళింది, ఇంకో అల వచ్చింది.

"అమ్మా," అన్నాడు బురద సారు చివరికి, బతిమాలుతున్నట్టు, "ఈ కాలు దించుకోవచ్చా?"